సైమి అత్త లాగ్‌బుక్

ఆగస్టులో రాత్రి పదకొండు దాటినా
కుహ్మో ఆకాశం పూర్తిగా నల్లబడదు,
కడగని పాలగిన్నె అడుగులా ఉంటుంది.
చుక్కలు రాలినా కంటికి ఆనవు.
"చూడ్డానికి కాదురా, వినడానికి" అనేది సైమి అత్త
హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

పగలు పాలకేంద్రంలో వెన్నశాతం కొలిచేది.
ఎవరి కోసమూ ఒక్క చుక్క పెంచి రాయలేదు.
రాత్రి పాత సౌనా గదిలో,
రాళ్లపొయ్యి చల్లారిన మూల, రేడియో.
నాకు పదకొండేళ్లు. టేపు తిప్పడం నా పని.

దక్షిణాన పదిహేడు వందల కిలోమీటర్ల అవతల
ఒరవా కొండల్లో వెండెలీన్ అనే మనిషి.
మధ్యలో భూమి వీపు వంచి పడుకుంది,
మా తరంగాలు ఆ వీపు ఎక్కలేవు.
నూరు కిలోమీటర్ల ఎత్తున ఎక్కడో
ఆవగింజంత రాయి కాలి చావాలి,
కాలిన గీత రెప్పపాటు అద్దమై నిలవాలి,
సరిగ్గా అప్పుడే అతను పలుకుతుండాలి,
మేం నోరు మూసుకుని ఉండాలి.

రెండున్నర నిమిషాలు మావి, రెండున్నర అతనివి.
"గడియారం తప్పితే ఇద్దరం ఒకేసారి అరుస్తాం
మొగుడూ పెళ్లాల్లా" అనేది
పెళ్లి చేసుకోని మా అత్త.

గంటలకొద్దీ చాటలో నూకలు కదిలిన చప్పుడు.
అందులోంచి ఒక టిక్,
పిచ్చుక ముక్కుతో గాజు పొడిచినట్టు.
టేపు వెనక్కి తిప్పి నత్తనడకన నడిపితే
ఆ టిక్ విప్పుకునేది, చుక్కలూ గీతలూగా,
మూడక్షరాలు. మా పిలుపు పేరులో సగం.
మిగతా సగం ఇంకో రాయి దయ.

ఆ రాత్రి నాలుగు గంటల్లో పందొమ్మిది టిక్కులు.
పేర్లు వచ్చాయి. అంకెలు వచ్చాయి.
అందిందని చెప్పే ఆఖరి ఆర్ ఒక్కటే రాలేదు.
నిజానికి ఒక టిక్కులో అలాంటిదేదో వినబడింది నాకు.
"అదే అత్తా!"
మూడుసార్లు వింది. పెన్సిల్ చెక్కింది.
పూర్తి కాలేదు, అని రాసింది.

అక్టోబరులో అతని కార్డు, చెక్క చర్చి బొమ్మతో.
సంపర్కం పూర్తి, కృతజ్ఞతలు.
వారంపాటు వంటింట్లో ఉప్పుడబ్బాకి ఆనించి ఉంచింది.
తర్వాత కవరులో పెట్టి తిప్పి పంపేసింది:
"మీ వైపు అయింది. నా వైపు కాలేదు.
డిసెంబరు పదమూడున రండి."

డిసెంబరు పదమూడు. సున్నాకి కింద ముప్పై ఒకటి.
యాంటెన్నా తిప్పే తాడు కర్రలా బిగుసుకుంది.
నాన్న సుత్తి పట్టుకుని వెళ్లి కొట్టి తిప్పొచ్చాడు,
మమ్మల్నీ ఒరవానీ కలిపి తిట్టుకుంటూ.
అర్ధరాత్రి నుంచి ముక్కలు ఏరుకున్నాం,
పేరులో కొంత, అంకెలో కొంత.

నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా
టిక్ కాదు, ఈల వచ్చింది.
ఆరు సెకన్లు. పదకొండు. ఇంకా.
వేలు వణుకుతుండగా నెమ్మదిగా తిప్పాను:
ఆర్ ఆర్ ఆర్, ఆర్ ఆర్ ఆర్.
నేను మీట మీద చెయ్యి వేశాను. "ఆపకు" అంది అత్త.
ఆ వెనక, ఏ నియమంలోనూ లేని నాలుగక్షరాలు:
ఎల్, యు, ఎమ్, ఐ.
ఒక ప్రశ్నగుర్తు.

లుమి. మా భాషలో మంచు.
ఏ నిఘంటువు తెరిచాడో ఆ కొండల్లో,
ఎన్ని నెలలు జేబులో ఉంచుకున్నాడో ఆ మాట,
మిగులు సెకన్లు దొరుకుతాయని ఎవరు చెప్పారో.

అత్త కిటికీ వైపు చూసింది. చూడక్కర్లేదు, అయినా చూసింది.
మా వంతు మొదలైంది.
ఓన్, అని పంపింది. ఉంది.
రెండున్నర నిమిషాలూ అదే.
ఉంది ఉంది ఉంది ఉంది.
ఏ రాయైనా మోసిందో లేదో
ఇప్పటికీ తెలీదు.

లాగ్‌బుక్‌లో సమయం, అంకె, పూర్తి.
వాతావరణానికి అందులో గడి లేదు.
పొద్దున్నే నాన్న సుత్తి కోసం వెతికాడు,
గుమ్మం పక్కన, పిడి మాత్రమే
పైకి కనబడుతూ.